పికప్‌కి కరెంటు ఫాన్లు: మూడు ఎండాకాలాల తర్వాత

ముందు ఆ మోత సంగతి చెప్పాలి. నా పికప్‌కి కంపెనీ నుంచి వచ్చిన రేడియేటర్ ఫాను బెల్టు మీద తిరిగేది. మధ్యలో ఉండే విస్కస్ కప్లింగ్, అంటే వేడిని బట్టి ఫానుని ఇంజనుకి పట్టించి వదిలే భాగం, పట్టేసి జామైపోయింది. అప్పట్నించి ఇంజను చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఫాను మాత్రం దాంతో సమానంగా గిర్రున తిరుగుతూనే ఉండేది. తెల్లారుజామున నాలుగింటికి సెల్ఫ్ కొట్టి యాక్సిలరేటర్ తొక్కితే వీధిలో కుక్కలన్నీ లేచేవి. ఎదురింటి మాస్టారు ఒకరోజు ఆపి, "గన్నవరంలో దిగాల్సిన విమానం మన వీధిలో దిగుతుందేందయ్యా" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆయన కళ్లలో నిద్ర లేదు.

కొత్త కప్లింగ్ ధర విన్నాక మనసు మారింది. విజయవాడ ఆటోనగర్లో బెల్టు ఫాను పీకించి, దాని చోట రెండు కరెంటు ఫాన్లు పెట్టించా. ఇది మూడో ఎండాకాలం. ఈలోగా బండి 70 వేల కిలోమీటర్లు తిరిగింది, అందులో సగానికి పైగా పల్నాడు పల్లెల నుంచి గుంటూరుకి మిర్చి తోలిన తిరుగుడే.

పెట్టించిన రోజు సాయంత్రం ఖాళీ బండితో గుంటూరు వస్తున్నా. టర్బో ఈల వేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. వెనక తలుపు గొళ్లెం ఎన్నేళ్ల నుంచి లొడలొడలాడుతోందో, అదీ ఆ రోజే వినపడింది. మంగళగిరి దాటేదాకా పాటలు కూడా పెట్టలేదు, ఊరికే వింటూ కూర్చున్నా. ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఇంటికెళ్లగానే నాకు తెలిసిన డ్రైవర్లందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పా. తర్వాత అందులో కొంత వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎందుకో చెప్తా.

బిగింపు దగ్గర ఒక చిన్న గొడవ జరిగింది. ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఫాన్లతో పాటు వచ్చిన ప్లాస్టిక్ టైలు తీసి, రేడియేటర్ రెక్కల మధ్య నుంచి గుచ్చి బిగిద్దామన్నాడు. పది నిమిషాల పని. పక్క షెడ్డులో మా పాత మెకానిక్ బాబాయ్ చూసి గొంతెత్తాడు. "ఒరేయ్, డీజిల్ బండి అది. అదురుడికి ఆ టైలు ట్యూబుల్ని కోస్తయ్. ఆర్నెల్లకి జల్లెడ అవుద్ది." ఆయన మాట మీదే ఇనప పట్టీలు వెల్డింగ్ చేయించి, రేడియేటర్ మొత్తం కప్పేట్టు రేకుతో డబ్బా కట్టించా. రేకు లేకపోతే ఫాను తన ఎదురుగా ఉన్న గుండ్రం మేరకే గాలి లాగుతుంది, నాలుగు మూలలూ దండగ. ఈ డబ్బాకి పట్టిన సగం రోజు, మిగతా పనంతటికీ పట్టలేదు.

మా తిరుగుడికి ఇది ఎందుకు కుదిరిందంటే, కప్లింగ్ పట్టేసిన బెల్టు ఫాను ఇంజను ఎంత తిరిగితే అంతే తిరుగుతుంది. హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌కి సరిపోతుంది, అక్కడ అది అవసరం లేకపోయినా విరగబడి తిరుగుతుంది. కల్లం దగ్గర లోడు వేసుకుని డొంకలో ఫస్టు గేరూ సెకండు గేరూ మీద పాకుతున్నప్పుడు గాలి కావాలి, అక్కడేమో నింపాదిగా తిరుగుతుంది. కరెంటు ఫానుకి ఇంజను వేగంతో పని లేదు. నా బండిలో నీళ్ల వేడి 92 డిగ్రీలకి చేరగానే స్విచ్ పడుతుంది, 87కి దిగాక ఆగుతుంది. సత్తెనపల్లి వైపు ఒక డొంకలో 35 టిక్కీలతో (మిర్చి బస్తాలతో) మార్చి ఎండలో రెండు కిలోమీటర్లు పాకించినా వేడి చూపే ముల్లు మధ్య గీత దాటలేదు. అదే డొంకలో పాత ఫానుతో రెండుసార్లు ఆపి ఆపి పోయినవాణ్ణి.

ఇంకోటి నేను అనుకోనిది. మిర్చి యార్డు గేటు ముందు లైన్లో బండి ఆపి తాళం తీసేశాక కూడా ఫాన్లు నిమిషమో రెండు నిమిషాలో తిరుగుతాయి. మొదటిసారి ఒక హమాలీ పరిగెత్తుకొచ్చి, "అన్నా, బండి ఆపినావు గానీ లోపలేదో తిరుగుతా ఉంది" అన్నాడు. ఇంజను ఆపిన వెంటనే నీళ్ల పంపు ఆగిపోయి లోపలి వేడి పైకి తన్నుకొస్తుంది. ఆ టైములో రేడియేటర్‌కి గాలి తగలడం మంచిదే. బాగా వేడెక్కి వచ్చిన రోజైతే మరీను.

మైలేజీ సంగతి. మొదటి నెలలో లీటరుకి కిలోమీటరున్నర పెరిగిందని ఊరంతా చెప్పా. నిజమే, పెరిగింది. కానీ అదే నెలలో ఇంజెక్టర్లు శుభ్రం చేయించా, వెనక టైర్లు మార్పించా. ఆ రెండూ నేనెవరికీ చెప్పలేదు. కావాలని కాదు, గుర్తు లేక. తర్వాత డైరీలో లెక్క రాసుకుంటే ఖాళీ బండితో హైవే మీద ఓ అర కిలోమీటరు తేడా ఉందేమో అనిపించింది. లోడు మీద అదీ లేదు. ఫాన్లు తినే కరెంటు కూడా ఇంజను నుంచే రావాలిగా.

ఇక వారధి మీద జరిగింది.

పోయిన ఏడు మే నెల, మధ్యాహ్నం రెండు. 30 టిక్కీల తేజా మిర్చి ఎక్కించుకుని ఆటోనగర్ అవతల ఉన్న కారం మిల్లుకి పోతున్నా. కాజ టోల్ గేటు దాకా అంతా సుబ్బరంగా ఉంది. తాడేపల్లి దాటి కనకదుర్గమ్మ వారధి ఎక్కేసరికి ముందు ఎక్కడో లారీ ఆగిపోయింది, బండ్లు కదలట్లా. రెండు నిమిషాలకి ఏసీ గాలి వెచ్చగా రావడం మొదలైంది. గ్యాసు అయిపోయిందనుకుని, కిందటి వారమే నింపినవాణ్ణి మనసులో తిట్టుకున్నా. ఇంకో నిమిషానికి ముల్లు చూస్తే మధ్య గీత దాటి పైకి పోతోంది.

పాత ఫానయితే ఆగిందో తిరుగుతోందో చెవికి తెలిసేది. దీనికి చప్పుడు లేదని మురిసిపోయినవాణ్ణి నేనే. ఆ చప్పుడు లేకే, ఫాను ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలియలేదు. గుంటూరులో ఆగిందో, కాజలో ఆగిందో. హైవే మీద ఎదురుగాలి దాన్ని దాచిపెట్టింది, వారధి మీద బండి నిలబడ్డాక బయటపడింది.

ఇంజను ఆపేస్తే నీళ్ల పంపు ఆగి ఇంకా మరుగుతుంది. అలా వదిలేసినా మరుగుతుంది. బాబాయ్ ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చింది. ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లు తిప్పి బ్లోయర్ నాలుగు మీద పెట్టా. ఇంజను వేడి కొంత క్యాబిన్లోకి లాగేస్తుందని. విజయవాడలో మే నెల రెండు గంటలకి హీటర్ వేసుకున్న మనిషిని ఎవరూ చూసి ఉండరు. ఎప్పుడూ తిప్పని హీటర్, ఏళ్ల నాటి దుమ్మంతా మొహం మీద కొట్టింది. వెనకనించి మిర్చి ఘాటు. కళ్లూ ముక్కూ ఏకమై కారుతున్నాయి. పక్కన ఆటోలో కూర్చున్న పెద్దావిడ నన్ను చూసి, "ఏంది బాబూ ఏడుస్తన్నావ్" అంది. కింద కృష్ణ, పైన నేను ఉడుకుతున్నా. కానీ ముల్లు ఎర్ర గీతకి వేలెడు దూరంలో నిలబడింది. అలా పావుగంట.

వారధి దిగి నీడ చూసుకుని ఆపా. రేడియేటర్ మూత జోలికి పోలేదు. బానెట్ ఎత్తగానే కాలిన ప్లాస్టిక్ కంపు. 30 ఆంప్స్ ఫ్యూజ్ పట్టే హోల్డర్ నల్లగా కరిగి ముద్దయి ఉంది. ఆటోనగర్ నుంచి కుర్రాడు బైకు మీద వచ్చి, శ్రావణం పెట్టి ఫ్యూజ్‌ని పీకి ఎండకెదురుగా పట్టుకుని చూశాడు. "ఫ్యూజ్ పోలేదన్నా. దాని ఇల్లు కాలిపోయింది" అన్నాడు. లోపలి తీగ చెక్కుచెదరలేదు. ఒక్కో ఫాను తిరిగేటప్పుడు పది, పన్నెండు ఆంప్స్ లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి రెండింతలకి పైనే. రెండు ఫాన్లూ ఒకే హోల్డర్ మీద, ఒకేసారి, రోజుకి వందసార్లు. అదురుడికి లోపలి పట్టు వదులైతే అక్కడ వేడి పుడుతుంది. కరెంటు ఎక్కువైతే ఫ్యూజ్ కాలుతుంది గానీ, ఇలా పక్కన పుట్టిన వేడి దాని లెక్కలోకి రాదు. పదిహేను రూపాయల హోల్డర్! నేను అడిగి కొనిపించుకున్నవి ఫాన్లు, రిలేలు (ఫాన్లకి కరెంటు కలిపే స్విచ్చులు), రేకు. హోల్డర్ గురించి ఎవరు అడుగుతారు?

నా అదృష్టం, హెడ్ గాస్కెట్ (ఇంజన్లో నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే పలక) పోలేదు. లీటరు కూలెంట్ పోయింది, అంతే. ఆయిల్ గేజీ తీసి చూస్తే ఆయిల్ నల్లగానే ఉంది, పాలలా తిరగలేదు. తెల్లపొగ కూడా లేదు.

తర్వాత వైరింగ్ అంతా మళ్లీ చేయించా. ఒక్కో ఫానుకి విడిగా రిలే, విడిగా బోల్టుతో బిగించే ఫ్యూజ్, సన్న వైరు తీసేసి 6 స్క్వేర్ ఎంఎం వైరు. రెండో ఫాను మొదటిదానికంటే కొంచెం ఆలస్యంగా మొదలవుతుంది. ఏసీ వేస్తే వేడితో పని లేకుండా ఒకటి తిరగాల్సిందే. డాష్‌బోర్డు మీద రెండు పచ్చ బుడ్డి లైట్లు పెట్టించా. ఫ్యూజ్ దాటాక ఫానుకి వెళ్లే వైరు నుంచే వాటికి కరెంటు. ముల్లు పైన ఉండి లైటు వెలగకపోతే ఆపెయ్యడమే. 100 డిగ్రీలు దాటితే మోగడానికి రివర్స్ హారన్ బజర్ ఒకటి. చప్పుడు వద్దని ఇంత ఖర్చు పెట్టి, మళ్లీ చప్పుడు కొనుక్కున్నా.

డైనమో కూడా మార్చాల్సి వచ్చింది. మొదట్లో ఎవరూ చెప్పలేదు. రాత్రి యార్డు లైన్లో ఏసీ, హెడ్‌లైట్లు, రెండు ఫాన్లు కలిస్తే లైట్లు ఎర్రబడేవి. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు, పాత డైనమో దాని పూర్తి కరెంటు ఇవ్వలేదు. 90 ఆంప్స్‌ది సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. ఇదంతా కలిపితే, నేను వద్దనుకున్న కొత్త కప్లింగ్ ధరకి రెండింతలు దాటింది. ఇంట్లో ఈ లెక్క చెప్పలేదు.

వేరే ఎవరికైనా చెప్పమంటే ఆలోచిస్తా. నాది కల్లాలు, డొంకలు, యార్డు లైన్లు, మధ్యలో చదునైన హైవే. ఆటోనగర్ గంట దూరం. తెల్లారుజామున వీధి మేలుకోకూడదు. నాకు సరిపోయింది, మళ్లీ బెల్టు ఫానుకి పోను. నెలకోసారి రేడియేటర్‌ని ఇంజను వైపు నుంచి నీళ్లు కొట్టి కడుక్కుంటా. లేకపోతే దూదీ మిర్చి పొట్టూ పట్టి ఎంత ఫాను పెట్టినా దండగే. కప్లింగ్ బాగున్న బండిని మాత్రం కదిలించొద్దంటా.

మా బావమరిది అదే మోడల్ బండితో శ్రీశైలం ఘాట్ మీద లోడు తోలతాడు. నా బండి విని ముచ్చటపడి తనకీ చేయించమన్నాడు. వద్దన్నా. ఘాట్‌లో గంటలకొద్దీ ఆ లాగుడికి నా రెండు ఫాన్లు సరిపోతాయో లేదో నేను చూడలేదు, అడవిలో హోల్డర్ కరిగితే బైకు మీద ఎవడూ రాడు. మొన్న వాడి ఫాను రెక్క ఒకటి విరిగింది. మా మెట్ల కింద గోతాంలో ఉన్న నా పాత ఫాను ఇవ్వమని ఫోన్ చేశాడు. కప్లింగ్ పోయినా రెక్కలు బాగానే ఉన్నాయి దానికి.

ఈ ఎండాకాలం పోనీ, చూద్దాం అన్నా.