ఆఫీస్ క్లీనింగ్‌కి వాచ్‌మన్ వాళ్ళావిడా, ఏజెన్సీనా, యాపా? వైజాగ్‌లో ఏది మేలు?

ద్వారకానగర్‌లోనో సిరిపురంలోనో చిన్న ఆఫీస్ తీసుకున్నామంటే తాళాలు చేతికి వచ్చిన రోజే బిల్డింగ్ వాచ్‌మన్ వచ్చి "మా ఇంటిది తుడిసేస్తాది సార్, ఏదో సూసి ఇవ్వండి" అంటాడు, రెండ్రోజులు పోయాక ఏదో హౌస్‌కీపింగ్ ఏజెన్సీ వాళ్ళు కొటేషన్ పట్టుకుని దిగుతారు, ఇంకోపక్క క్లీనింగ్ వాళ్ళని బుక్ చేసుకునే యాప్ ఫోన్‌లో ఎలాగూ ఉంది. చాలామంది మూడు రేట్లూ పక్కపక్కన పెట్టుకుని తక్కువదానికి ఓకే చెప్పేస్తారు. రేటు సంగతి తర్వాత, మనిషి రాని రోజు చీపురు ఎవరు పడతారో ముందు అది తేల్చుకోండి అంటాను నేను.

వాచ్‌మన్ వాళ్ళావిడతో సుఖం ఏంటంటే కిందే ఉంటుంది, పొద్దున్న ఎనిమిదికల్లా ఊడ్చి తడిగుడ్డ పెట్టేసి వెళ్ళిపోతుంది, మధ్యాహ్నం టీ ఒలికినా కేకేస్తే పైకి వస్తుంది, డబ్బులు కూడా తక్కువే. పది పన్నెండు మంది ఉన్న ఆఫీసుకి ఇంతకన్నా ఏం కావాలి అసలు. కాకపోతే సంక్రాంతికి శ్రీకాకుళం వైపు ఊరెళ్తే వారం దాకా కనపడదు, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం అంటే ఆ మంగళవారం నాగా ఖాయం, ఆపగలమా మనం? ఇంకోటి, క్లీనింగ్ మందులు మనమే కొనివ్వాలి, ఎలా వాడాలో కూడా మనమే చెప్పాలి. బాత్రూంలో మరక పోవట్లేదని యాసిడ్ పోసి దాని మీదే బ్లీచింగ్ వేసేస్తారు కొందరు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, కిటికీ లేని చిన్న టాయిలెట్‌లో అది చాలా డేంజర్. పైగా యాసిడ్ తగిలితే స్టీల్ కుళాయిల మెరుపు పోతుంది, మార్బుల్ అయితే తినేస్తుంది. అసలు యాసిడ్ సీసానే ఆఫీసులో పెట్టకండి, గొడవే ఉండదు.

ఇక ఏజెన్సీ. ఇక్కడ కొటేషన్ చదవడం రావాలి. లెక్క కోసం మనిషికి జీతం 12,000 అనుకుందాం, దాని మీద యజమాని వాటా పీఎఫ్ చార్జీలతో కలిపి 13 శాతం అంటే 1,560, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 3.25 శాతం అంటే 390, మొత్తం 13,950 అయింది, ఏజెన్సీ సర్వీస్ చార్జి 10 శాతం వేసుకుంటే 15,345, దాని మీద జీఎస్టీ 18 శాతం, వెరసి 18,107 చిల్లర. ఇప్పుడు ఎవరైనా వచ్చి అదే జీతం ఇస్తాం, పీఎఫ్ ఈఎస్ఐ అన్నీ కట్టేస్తాం, అంతా కలిపి 14,000కే చేసేస్తాం అంటే ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందనుకుంటున్నారు? ఆ మనిషి జీతంలోంచో పీఎఫ్‌లోంచో వస్తుంది. కాంట్రాక్టర్ పీఎఫ్ ఎగ్గొడితే చివరికి అసలు యజమానిగా మన మెడకే చుట్టుకుంటుంది కాబట్టి నెలనెలా బిల్లుతో పాటు పీఎఫ్ చలానా కాపీ, దాంతో మన దగ్గర పనిచేసే వాళ్ళ పేర్లున్న లిస్టు అడగండి, ఇవ్వడానికి నసిగేవాళ్ళని అక్కడితో వదిలేయండి. జీఎస్టీ కట్టే కంపెనీలకి ఆ 18 శాతం క్రెడిట్‌లో వెనక్కి వస్తుంది, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు, క్లినిక్కుల్లాంటి వాటికి రాదు, వాళ్ళకి అది పూర్తిగా ఖర్చే.

ఇంత పెట్టి ఏం కొంటున్నామయ్యా అంటే ఒకామె రాకపోతే ఇంకొకరు వస్తారన్న భరోసా. అది కూడా కాగితం మీద ఉంటేనే. మాటల్లో అందరూ పంపిస్తాం అంటారు, పండక్కి ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ ఫోనే ఎత్తడు.

యాప్ వాళ్ళని రోజువారీ పనికి అనుకోవద్దు, డీప్ క్లీనింగ్‌కి మాత్రం బాగుంటారు. మెషిన్‌తో ఫ్లోర్ రుద్దించడం, కుర్చీల షాంపూ, ఫ్యాన్లు, లైట్ల పైన పేరుకున్న దుమ్ము, ఇవి రోజూ వచ్చే మనిషితో అయ్యే పనులు కావు. కుర్చీల షాంపూ మాత్రం వానల్లో పెట్టుకోకండి, మన ఉక్కకి, గాల్లో తేమకి స్పాంజి ఆరదు, సోమవారం ఆఫీసంతా తడి కుక్క వాసన. జనవరి ఫిబ్రవరిలో శనివారం మధ్యాహ్నం చేయించుకుంటే సోమవారానికి ఆరిపోతుంది.

ఆఫీస్ ఎక్కడుందన్నది కూడా చూడాలి, ఇది మన ఊరికే ఉన్న తలనొప్పి. బీచ్ రోడ్, రుషికొండ వైపు అయితే అద్దాల మీద ఉప్పు పొర కడుతుంది, పొడిగుడ్డతో తుడిస్తే ఇంకా అలికినట్టు అవుతుంది, ముందు మంచినీళ్ళతో కడిగి వైపర్ లాగాలి, కిటికీ చానెళ్ళు కూడా కడగాలి లేకపోతే స్క్రూలు తుప్పు పట్టేస్తాయి. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్, వన్ టౌన్ వైపు పోర్టు బొగ్గు దుమ్ము, అక్కడ పొడి చీపురు పట్టారంటే అది లేచి మళ్ళీ టేబుళ్ళ మీదే కూర్చుంటుంది, తడి మాప్ గానీ వాక్యూమ్ గానీ ఉండాల్సిందే. కొటేషన్ ఇవ్వడానికి వచ్చిన మనిషి మీ కిటికీ దగ్గర వేలు పెట్టి చూడకుండానే రేటు చెప్పేస్తే పని ఎలా ఉంటుందో అర్థమైపోతుంది.

నా ఓటు అయితే, పదిహేను మంది లోపు ఆఫీసుకి వాచ్‌మన్ వాళ్ళావిడ లేదా నేరుగా పెట్టుకున్న మనిషి, జీతం కాస్త బాగా ఇచ్చి, పండగలకి ఆమే తన చెల్లెల్నో తోడికోడల్నో పెట్టేలా ముందే మాట్లాడుకుని, దాంతో పాటు నాలుగైదు నెలలకోసారి యాప్‌లో డీప్ క్లీనింగ్. ముప్ఫై నలభై దాటి, మధురవాడ ఐటీ ఆఫీసుల్లా షిఫ్టులు ఉండి టాయిలెట్లు రోజుకి మూడుసార్లు చూడాల్సి వస్తే ఏజెన్సీ తప్పదు. ఆ మధ్యలో ఉన్నవాళ్ళు ముందు ఏజెన్సీతో నెల రోజులకే మాట్లాడుకుని చూడండి. అగ్రిమెంట్‌లో మాత్రం రెండు రాయించండి: మనిషి రాకపోతే ఎన్ని గంటల్లో వేరేవాళ్ళు వస్తారు, రాకపోతే ఆ రోజు డబ్బు ఎంత కోస్తాం. రెండోది రాసేటప్పుడు ఏజెన్సీ వాళ్ళ మొహం చూడండి, మిగతాది మీకే తెలుస్తుంది.