తాడు బ్యాగు: ఒక ఎండాకాలం, ఒక వానాకాలం వాడాక

ఆదివారం పొద్దున కాజీపేటలో రైలెక్కి భువనగిరి గుట్ట బండను తాడు కట్టుకుని ఎక్కడానికి (రాక్ క్లైంబింగ్‌కు) పోయేవాళ్లలో నేనొకణ్ని. నా పాత తాడు రెండేళ్లు హన్మకొండ ఇంట్లో ఇన్వర్టర్ పక్కనే, కాలేజీ బ్యాగులో పడి ఉంది. బ్యాటరీ యాసిడ్ తగిలితే, దాని ఆవిరైనా సరే, నైలాన్ లోపల్లోపలే చెడిపోతుందని, పైకి మచ్చ కూడా కనపడదని గుట్ట దగ్గర ఒక సీనియర్ అన్న చెప్పాడు. చూసి తేల్చుకునే దారి లేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేసి, కొత్త 60 మీటర్ల తాడు కొని, దాంతోపాటు ఈ తాడు బ్యాగును కూడా ఆన్‌లైన్‌లో 1,900 పెట్టి తెప్పించాను.

దీని అసలు విలువ లోపలి టార్పాలిన్‌లో ఉంది. బండ కింద పరిచి దానిమీద తాడు పోస్తే మట్టి అంటదు. మట్టే కదా అనుకోకండి, సన్నటి రాతి నలుసులు పైపొర సందుల్లోంచి దిగి, బరువు పడ్డప్పుడల్లా పోగులను కోస్తుంటాయి. మూలల్లో ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి లూపులున్నాయి, తాడు కొసలు రెండూ వాటికి కట్టి మిగతాది కుప్పగా పోసి మడిచేస్తే సరి, చుట్టలు చుట్టక్కర్లేదు, మళ్లీ తీసినప్పుడు మెలిపడదు. మా తాత కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కేవాడు. గోడకు తగిలించిన మోకును పిల్లలం కింద పడేసి తొక్కితే "దానిమీదనే నా పానం ఉంటది బిడ్డా" అనేవాడు. ఎవరైనా చెప్పులతో ఈ టార్పాలిన్ మీదికి వస్తే నేను కూడా ఊరుకోను.

భుజం పట్టీ కుట్టు మూడో నెలలోనే ఊడింది. చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే ఆయన మందపాటి దారంతో రెండు వరసలు వేశాడు, ఇప్పుడు గట్టిగుంది. అంతకన్నా పెద్ద లోపం, బట్టకు గాలాడదు. జులైలో వానకు తడిసిన తాడును అట్లాగే జిప్పు వేసి పెడితే నాలుగు రోజులకు ముక్కవాసన కొట్టింది. చల్లటి నీళ్లల్లో కడిగి, ఫ్యాను కింద నీడలో రెండు రోజులు ఆరబెట్టాను. ఎండలో వేయొద్దు, ఎండ నైలాన్‌ను తినేస్తుంది. తడి తాడుతో ఎక్కడం కూడా వద్దు, పడ్డప్పుడు తట్టుకునే బలం తగ్గుతుంది.

లోపల చిన్న జేబు ఉంది, కొన్న తేదీ రాసిన చీటీ అందులో పెట్టాను, ఎందుకంటే అసలు వాడకపోయినా 10 ఏళ్లు దాటిన తాడు వద్దనే చాలా కంపెనీలు చెప్తాయి. 5కి 4 ఇస్తున్నా. కొనేవాళ్లు టార్పాలిన్ విడిగా తీయడానికి వచ్చేదే తీసుకోండి, నాది వస్తుంది, ఉతకడం సులువు.