తల్లి ఒక్క సీనా, కూతురి కెరీరా?

హాలీవుడ్ నటీమణులు జానెట్ లీ, జేమీ లీ కర్టిస్ తల్లీకూతుళ్లు. ఇద్దరినీ జనం గుర్తుపెట్టుకున్నది హారర్‌తోనే, కానీ దారులు వేరు.

తల్లి అప్పటికే పెద్ద స్టార్. 1960లో వచ్చిన 'సైకో'లో సగం కూడా కాకముందే ఆమె పాత్రను షవర్‌లో చంపేశారు. హీరోయిన్ అంత తొందరగా పోతుందని ప్రేక్షకులు ఊహించనే లేదు. ఆ షవర్ సీన్ తీయడానికి దాదాపు వారం పట్టింది. నలుపు తెలుపు సినిమా కదా, నెత్తురుకి బదులు చాక్లెట్ సిరప్ వాడారు! నిజానికి కత్తి కన్నా, చివర్లో కదలకుండా ఉండిపోయిన ఆమె కన్నే ఎక్కువ భయపెడుతుంది. ఆ పాత్రతో ఆమె ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది, అవార్డు మాత్రం దక్కలేదు.

కూతురు సినిమాల్లోకి వచ్చిందే 1978 నాటి 'హాలోవీన్'తో. అందులో ఆమె పాత్ర లారీ చావదు. అల్లిక సూది, బట్టల హ్యాంగర్, చేతికి ఏది దొరికితే దాంతో తిరగబడుతుంది. ఆపైన వరసగా హారర్ సినిమాలే పడటంతో 'స్క్రీమ్ క్వీన్' (హారర్ సినిమాల్లో కేకలు పెట్టే హీరోయిన్) అని ముద్ర వేసేశారు. 1983లో 'ట్రేడింగ్ ప్లేసెస్' కామెడీతో అందులోంచి బయటపడింది. 2023లో ఆస్కార్ కూడా కొట్టింది, అదీ హారర్‌కి కాదు.

ఒక్క సీన్ చాలంటే తల్లిదే. మొత్తం కెరీర్ చూస్తే నా ఓటు కూతురికే. ఇద్దరూ కలిసి కనబడాలంటే 1980 నాటి 'ద ఫాగ్', 1998 నాటి 'హాలోవీన్ హెచ్20' ఉన్నాయి.