వంటింటి అరలో పన్నెండేళ్లు: పజిళ్లు, శాకాహార వంటలు, పునీతురాళ్ల పుస్తకాలు

మా వంటింట్లో పప్పు డబ్బాల పైన ఒక చెక్క అర ఉంది. పెళ్లయి ఈ గుంటూరు ఇంటికి వచ్చిన కొత్తలో అందులో పాత క్యాలెండర్లు, కరెంటు బిల్లులు ఉండేవి. ఇప్పుడు పుస్తకాలున్నాయి. మూడే రకాలు: పజిళ్లు, మాంసం లేని వంటలు, కతోలిక పునీతురాళ్ల (సెయింట్లుగా ప్రకటించిన స్త్రీల) జీవితాలు. ఇంటికి వచ్చినవాళ్లు ఈ మూడూ ఒకచోట ఎందుకున్నాయని అడుగుతారు. కారణం తపస్కాలం, అంటే ఈస్టర్‌కి ముందు మేం ఉపవాసాలు, ప్రార్థనలతో గడిపే రోజులు. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా మా అత్తగారింట్లో మాంసం, చేప, గుడ్డు ముట్టరు. తిరుసభ, అంటే కతోలిక చర్చి, చెప్పేది విభూది బుధవారం, శుక్రవారాల గురించే, కానీ మా ఇంట్లో ఆ రోజులన్నీ అదే పద్ధతి. టీవీ కూడా రాత్రిపూట పెట్టరు. దాంతో ఏం వండాలి, పిల్లలతో సాయంత్రాలు ఎలా గడపాలి, పడుకోబోయే ముందు అందరం కలిసి ఏం చదువుకోవాలి అని ప్రతి ఏడూ వెతుక్కుంటూ ఉంటాను. అలా వెతుకుతూ కొన్నవే ఇవన్నీ.

ఈ పన్నెండేళ్లలో నలభై దాకా కొన్నాను. పదకొండు మిగిలాయి. మిగతావి ఎవరికైనా ఇచ్చేశాను, కొన్ని పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లాయి. మిగిలిన వాటిని చూస్తుంటే ఒకటి అనిపిస్తుంది. ఆ పని తను చేసిన మనిషి, పక్కన కూర్చుని చెబుతున్నట్టు రాస్తే ఆ పుస్తకం ఉంటుంది. పది పుస్తకాల్లోంచి పోగేసి అందంగా అచ్చువేసింది ఒక సీజన్ కూడా నిలబడదు. మెరిసే ఫోటోలు చూసి కొన్నవి ఒక్కటీ మిగల్లేదు.

ముందు పజిళ్ల సంగతి. కొనేటప్పుడు నేను ప్రశ్నలు చూడను, నేరుగా వెనక జవాబుల పేజీలు తీస్తాను. అక్కడ ఒట్టి అంకెలే ఉంటే తిరిగి పెట్టేస్తాను. జవాబు తెలిశాక పిల్లల ముఖం వెలగాలి, 'అయ్యో, ఇంతేనా, నాకెందుకు తట్టలేదు' అనాలి. అది అంకెతో రాదు, ఎలా ఆలోచించాలో చెప్పే మూడు వాక్యాలతో వస్తుంది. ఈ విషయంలో మార్టిన్ గార్డ్‌నర్‌ని మించినవాళ్లు నాకు కనిపించలేదు. ఆయన సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో పాతికేళ్ల పాటు గణిత వినోదాల శీర్షిక రాశారు. వాటిలోంచి ఏరిన 'మై బెస్ట్ మ్యాథమెటికల్ అండ్ లాజిక్ పజిల్స్' అనే పల్చటి పుస్తకం మా ఇంట్లో అట్ట ఊడి, టేపు వేయించుకుని, మళ్లీ ఊడింది. మొదట్లోనే ఒక పాత ప్రశ్న ఉంటుంది: ఒకాయన మైలు దూరం దక్షిణానికి, మైలు తూర్పుకి, మైలు ఉత్తరానికి నడిచి బయల్దేరిన చోటికే వచ్చాడు, ఎక్కడి నుంచి బయల్దేరాడు? ఉత్తర ధ్రువం అని చాలామందికి తెలుసు. గార్డ్‌నర్ అక్కడ ఆగడు, ఇంకా జవాబులున్నాయి చూడు అంటాడు. దక్షిణ ధ్రువం చుట్టూ సరిగ్గా మైలు చుట్టుకొలత ఉన్న వలయం ఊహించుకోండి. దానికి మైలు ఉత్తరాన, అంటే ధ్రువానికి సుమారు 1.16 మైళ్ల దూరంలో ఎక్కడ నిలబడి బయల్దేరినా మైలు కిందికి వచ్చి, ఒక చుట్టు తిరిగి, అదే దారిన వెనక్కి వెళ్తారు. అరమైలు వలయమైతే రెండు చుట్లు. ఇలా అంతూ పొంతూ లేనన్ని చోట్లు. మా పాప ఎనిమిదో తరగతిలో ఉండగా చపాతీ పీట మీద పిండి చల్లి వేలితో ఆ వలయాలు గీసి వాళ్ల నాన్నకి చెప్పింది. ఆ రోజు చపాతీలు ఆలస్యమయ్యాయి, నేను ఏమీ అనలేదు.

అదే పుస్తకంలో చదరంగం బల్ల లెక్క ఉంది. ఎదురెదురు మూలల్లోని రెండు గళ్లు కత్తిరించేస్తే అరవై రెండు మిగులుతాయి. రెండేసి గళ్లను కప్పే అట్టముక్కలు ముప్పై ఒకటి ఇస్తే మొత్తం కప్పగలమా? పిల్లలిద్దరూ పెళ్లి శుభలేఖల అట్టలు కత్తిరించి మూడు సాయంత్రాలు కుస్తీ పట్టారు. మా అత్తయ్య ఐదో తరగతి వరకే చదివారు. చింతపండు పిక్కలు తీస్తూ చూస్తూ చూస్తూ, "ఒక్కో ముక్క కింద ఒక నల్లదీ ఒక తెల్లదీ పడాలి కదమ్మా, మీరు తీసేసిన రెండూ ఒకే రంగువి, ఇంకెట్టా సరిపోతాయి?" అన్నారు. సరిగ్గా అదే జవాబు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పజిల్ అంటే ముందు నాయనమ్మ దగ్గరికే వెళ్తారు. ఇలాంటిది ఒక్కటి జరిగినా చాలు, ఆ పుస్తకానికి ఎంత పెట్టినా తక్కువే.

రేమండ్ స్మల్యన్ 1978లో తెచ్చిన 'వాట్ ఈజ్ ద నేమ్ ఆఫ్ దిస్ బుక్?' కూడా మా దగ్గరుంది. ఎప్పుడూ నిజమే చెప్పేవాళ్లు, ఎప్పుడూ అబద్ధమే చెప్పేవాళ్లు కలిసుండే దీవి గురించి అందులో బోలెడు చిక్కులుంటాయి. మొదట్లోనే తన చిన్నప్పటి సంగతి చెబుతాడు. 1925 ఏప్రిల్ ఒకటిన, నిన్ను ఈ రోజు ఎన్నడూ లేనంతగా ఫూల్ చేస్తానని అన్నయ్య అన్నాడట. రోజంతా ఎదురుచూసినా ఏమీ చేయలేదు. అదే ఫూల్ చేయడం. అయితే తను నిజంగా మోసపోయినట్టా కాదా అని ఆ రాత్రి ఆ పిల్లాడు చాలాసేపు ఆలోచిస్తూ పడుకున్నాడు. దీన్ని మాత్రం మొదటి నుంచి వరసగా చదవాలి, మధ్యలో తీస్తే అర్థం కాదు. మా బాబు తొమ్మిదో తరగతికి వచ్చాకే దాంట్లో పడ్డాడు. అంతకు ముందు రెండేళ్లు అది ఊరికే ఉంది, కాబట్టి వయసు చూసుకుని కొనండి.

ఒక జాగ్రత్త. ఇంగ్లండ్‌కి చెందిన డ్యూడెనీ 1917లో వేసిన 'అమ్యూజ్‌మెంట్స్ ఇన్ మ్యాథమెటిక్స్' లాంటి పాత పుస్తకాలను హక్కులు తీరిపోవడంతో ఎవరు పడితే వాళ్లు అచ్చు వేస్తున్నారు. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ప్రతిలో బొమ్మలే లేవు. కాగితాన్ని ఎలా కత్తిరించాలో అడిగే పజిల్‌కి బొమ్మ లేకపోతే ఇంకేం మిగులుతుంది? వెనక్కి పంపడానికి పదిహేను రోజులు తిరిగాను. లోపలి పేజీలు చూపించకపోతే కొనకండి.

తెలుగులో ఈ రకం పుస్తకాల కొరత నన్ను నిజంగా బాధపెడుతుంది. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే లెక్కల్ని తెలుగులో చదువుకుని ఆనందించడం మనకు ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు నాకు కావలసింది ఈ కాలం పిల్లలకు అర్థమయ్యే తెలుగులో, జవాబులు విడమరిచి చెప్పే పుస్తకం. అది దొరికేదాకా మా ఇంట్లో ఆ లోటు తీరుస్తున్నవి పొడుపు కథలు, మా అమ్మ బైండు చేయించి దాచిన చందమామలు. బేతాళుడి ప్రశ్న దగ్గర పుస్తకం మూసేసి, విక్రమార్కుడు ఏం చెప్పి ఉంటాడో పిల్లల్ని చెప్పమంటాను.

వంట పుస్తకాలకు నా పరీక్ష వేరు. నాకు బాగా వచ్చిన వంటకం, సాధారణంగా మజ్జిగ పులుసు, ఎలా రాశారో చదువుతాను. మజ్జిగ విరిగిపోకుండా ఏం చేయాలో చెప్పారా, లేదా? అన్నిటికీ 'తగినంత' అని రాశారా? దేనికైనా అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా వేయమంటున్నారా? మాంసం కూర పద్ధతినే తీసుకుని మాంసం బదులు కాలిఫ్లవర్ పెట్టి శాకాహారం అనే పుస్తకాలు రెండు కొని మోసపోయాను. మాంసం తినే ఇంటివాళ్లం కాబట్టే నాకు ఇది ముఖ్యం. ఏదో తగ్గిందనే భావం పళ్లెంలో కనిపించకూడదు, కూరగాయ తన రుచితోనే నిలబడాలి.

ఈ లెక్కన నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది 'కుకింగ్ ఎట్ హోమ్ విత్ పెదత్త'. ఇంగ్లీషులో ఉంటుంది, వంట మాత్రం పదహారణాల ఆంధ్ర శాకాహారం. పెదత్త అంటే మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి గారి పెద్ద కూతురు సుభద్రగారు. ఆవిడ చెబుతుంటే జిగ్యాస గిరి, ప్రతిభా జైన్ రాశారు. 2006లో దానికి గోర్మాండ్ సంస్థ ప్రపంచంలో ఉత్తమ శాకాహార వంట పుస్తకంగా బహుమతి ఇచ్చింది. బహుమతి సంగతి నాకు తర్వాత తెలిసింది. నేను కొన్నది అందులోని పచ్చళ్లు, పొడులు చూసి. మాంసం లేని రోజుల్లో మా ఇంట్లో అన్నం కదిలేది వాటితోనే. ఒక పొడి, ఒక పచ్చడి, ముద్దపప్పు, నెయ్యి ఉంటే మా ఆయన నోరెత్తరు. కారం మాత్రం మా గుంటూరు నాలుకలకు సరిపోయేలా పెంచుకున్నాను, మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకున్నాను. ఆ పెన్సిల్ రాతలు చూసే మా ఆడపడుచు తనూ ఒకటి కొనుక్కుంది.

మాలతీ చందూర్ గారి 'వంటలు పిండివంటలు' మా అమ్మ ఇచ్చింది. 'ప్రమదావనం' అనే పత్రిక శీర్షికలో ఏళ్ల తరబడి ఆడవాళ్ల ఉత్తరాలకు జవాబులు రాసిన చెయ్యి అది, అందుకే ఎవరైనా అడిగితే చెప్పినట్టు ఉంటుంది, సుత్తి ఉండదు. తెలుగులోనే కావాలనుకునేవాళ్లు అక్కడ మొదలుపెట్టండి. సాంబారు, రసాల కోసం మీనాక్షి అమ్మాళ్ పుస్తకం చూస్తాను. 1951లో తమిళంలో వచ్చింది, ఇంగ్లీషులో 'కుక్ అండ్ సీ' పేరుతో దొరుకుతుంది. కొత్తగా కాపురం పెట్టినవాళ్లకు కొలతల భయం పోగొడుతుంది. అమెరికా నుంచి మా చెల్లెలు 'మూస్‌వుడ్ కుక్‌బుక్' పంపింది. 1977 నాటిది, మాలీ క్యాట్జెన్ చేతిరాతలోనే, ఆవిడ బొమ్మలతోనే అచ్చయింది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ అక్కడి శాకాహారంలో గుడ్లు, చీజ్ ధారాళంగా ఉంటాయి, కాబట్టి మా తపస్కాలానికి సూపులు తప్ప పెద్దగా అక్కరకు రాలేదు.

ఇక పునీతురాళ్ల పుస్తకాలు. ఇక్కడే ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నాను, ఎక్కువ సంతోషం పొందింది కూడా ఇక్కడే. చిన్నప్పుడు సత్యోపదేశం (చర్చిలో పిల్లలకు మతపాఠాలు చెప్పే) క్లాసులో ఇచ్చిన పుస్తకాల్లో ప్రతి పునీతురాలూ పుట్టగానే ప్రార్థన చేసేది, ఎప్పుడూ అలిగేది కాదు, ఆకలయ్యేది కాదు. అవి చదివి నేను వాళ్లలా ఎప్పటికీ ఉండలేనని మాత్రం నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు ఏ పుస్తకమైనా మధ్యలో తీసి చూస్తాను: ఆవిడకి ఎక్కడైనా కోపం వచ్చిందా, జబ్బు చేసిందా, నవ్విందా? లేకపోతే వద్దు. ఇంకో మాట, ఆవిడే రాసుకున్నది దొరికితే ఇతరులు రాసిన జీవిత చరిత్ర రెండోసారికి ఉంచండి.

చిన్న తెరేజమ్మ 'ఒక ఆత్మ చరిత్ర' నేను ఆరుసార్లు చదివాను. పదిహేనేళ్ల వయసులో ఫ్రాన్స్‌లోని లిసియూలో కార్మెల్ సభ సిస్టర్ల మఠంలో చేరి, 1897 సెప్టెంబరు 30న, ఇరవై నాలుగేళ్లకే క్షయతో చనిపోయింది. పేరు వినగానే గులాబీలు పట్టుకున్న స్వరూపం గుర్తొస్తుంది, పుస్తకంలో మాత్రం వేరే అమ్మాయి కనిపిస్తుంది. సాయంత్రం ధ్యానంలో వెనక కూర్చున్న సిస్టర్ ఏదో చిన్న చప్పుడు చేస్తూనే ఉంటుంది. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే ఆగిపోతుంది. తిరగకుండా ఉండటానికి ఈమెకు చెమటలు పట్టేస్తాయి. చివరికి ఆ చప్పుడునే సంగీతంలా విని యేసుకి అర్పిద్దామనుకుంటుంది. బట్టలుతికే చోట ఎదుటి సిస్టర్ మురికి నీళ్లు ముఖం మీద చిమ్ముతూ ఉంటుంది. వెనక్కి జరగాలనిపించినా జరగదు. ఉమ్మడి కుటుంబంలో ఉన్న ఏ కోడలికైనా ఈ రెండు పేజీలు చాలు, మిగతాది తనే చదువుకుంటుంది. మా అత్తయ్యకు తెలుగులో చెబితే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత మళ్లీ చెప్పమన్నారు.

కానీ ఏ ప్రతి కొంటున్నారో చూసుకోండి. ఆమె చనిపోయిన సరిగ్గా ఏడాదికి, 1898లో, మొదటిసారి రెండు వేల ప్రతులు వేశారు. దాన్ని ఆమె అక్క పోలిన్ బాగా దిద్దారు. తెరేజమ్మ నోటుపుస్తకాల్లో రాసింది రాసినట్టుగా బయటికి వచ్చింది 1956లోనే. చవగ్గా దొరికే పాత అనువాదాలు దిద్దిన పాఠం నుంచి చేసినవి. నా మొదటి ప్రతి అదే, తియ్యగా ఉండి మొహం మొత్తింది. అసలు రాతప్రతుల నుంచి అనువదించామని ముందుమాటలో ఉన్నది కొనండి, తేడా మొదటి పేజీలోనే తెలుస్తుంది.

అవిలాపురి తెరేజమ్మది పూర్తిగా వేరే తత్వం. పదహారో శతాబ్దపు స్పెయిన్‌లో పదిహేడు మఠాలు స్థాపించింది. ఆ ప్రయాణాల కథ 'ఫౌండేషన్స్' పుస్తకంలో ఉంది: బండ్లు, వానలు, సత్రాలు, చేతిలో డబ్బుల్లేకుండా ఇల్లు బేరం చేయడం. అందులోనే, మీకు వంటింటి పని పడితే దిగులుపడకండి, కుండలూ గిన్నెల మధ్య కూడా ప్రభువు తిరుగుతూ ఉంటాడు అని సిస్టర్లకు చెబుతుంది. ఆ మాట కోసమే ఈ పుస్తకాలు హాల్లో కాకుండా వంటింట్లో పెట్టాను. ఆవిడ కార్మెల్ నియమంలో జబ్బు చేస్తే తప్ప మాంసం లేదు. 'వే ఆఫ్ పర్ఫెక్షన్' పదహారో అధ్యాయంలో ఏకంగా చదరంగం ఎత్తుకుంటుంది. రాజుకి కట్టు చెప్పాలంటే రాణిని మించిన పావు లేదు, ఆ రాణి పేరు వినయం అంటుంది. మన ఆటలో ఆ పావు మంత్రి కాబట్టి పిల్లలకు కాస్త వివరించాల్సి వచ్చింది, అయినా బాబుకి అది బాగా నచ్చింది. 'ఇంటీరియర్ కాజిల్' గొప్పదే, కానీ దాంతో మాత్రం మొదలుపెట్టకండి. నేను అలా మొదలుపెట్టి రెండేళ్లు ఆవిడ జోలికే వెళ్లలేదు.

జర్మనీకి చెందిన హిల్డెగార్డ్ గురించి ఇంకా మంచి పుస్తకం కోసం వెతుకుతున్నాను. పన్నెండో శతాబ్దంలో సొంతంగా ఇరవై మూడు అక్షరాలు, వెయ్యి దాకా పదాలు కల్పించిన మనిషి ఆవిడ. ఆ లిపి చూసి మా పిల్లలు తమ సొంత అక్షరాలు తయారుచేసుకుని ఫ్రిజ్ మీద చీటీలు అంటించారు. ఆవిడ పేరు పెట్టి అమ్ముతున్న ఆరోగ్య పుస్తకాల్లో ఆవిడ ఎంత ఉందో, రాసినవాళ్లు ఎంత ఉన్నారో తేలడం లేదు, అందుకే ఏదీ మిగల్లేదు. అల్ఫోన్సమ్మ పుస్తకం కేరళలోని భరణంగానం వెళ్లినప్పుడు తెచ్చుకున్నాం. 2008లో పునీతురాలిగా ప్రకటించారు, భారతీయ స్త్రీలలో మొదటావిడ. 36 నిండకుండానే పోయింది. బాధలన్నీ వివరంగా రాశారు. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన అల్ఫోన్సమ్మ గురించి ఇంకో పది పేజీలు ఉంటే ఎంత బాగుండేది!

మొదటిసారి కొనేవాళ్లు ఎవరైనా అడిగితే మూడు చెబుతాను: గార్డ్‌నర్, పెదత్త, చిన్న తెరేజమ్మ. మూడోది ఇప్పుడు అరలో లేదు. పోయిన ఏడాది మా విచారణలో (మా చర్చి పరిధిలో) ఒక అమ్మాయికి ఇచ్చాను. కొత్తగా పెళ్లయింది, ఉమ్మడి కుటుంబం. మొన్న గుడి దగ్గర కనిపించి, "అక్కా, ఆ చప్పుడు చేసే సిస్టర్ పేజీ మళ్లీ చదువుతున్నా, ఇంకొన్నాళ్లు ఉంచుకోనా?" అంది. ఉంచేసుకోమన్నాను. విభూది బుధవారం లోపు ఇంకోటి తెప్పించుకోవాలి.