ప్రెషర్ కుక్కర్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కుక్కర్ అనగానే చాలామంది అనే మాట ఒకటే: అంత వేడికి పోషకాలన్నీ పోతాయని. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, కుక్కర్లో ఒత్తిడి వల్ల వేడి సుమారు 120 దాకా వెళ్తుంది. నిజమే. కానీ విటమిన్ సి ఎంత పోతుందన్నది వేడి ఒక్కటే తేల్చదు. ఎంతసేపు ఉడికింది, ఎన్ని నీళ్లలో ఉడికింది అన్నవీ చూడాలి. కుక్కర్లో ఆ రెండూ తగ్గించుకోవచ్చు.

బీట్‌రూట్‌తో చూస్తే తెలిసిపోతుంది. ముక్కల్ని నీళ్లలో ముంచి ఉడికిస్తే నీళ్లు చిక్కటి ఎరుపు. అడుగున కొద్దిగా నీళ్లు పోసి, చిల్లుల పళ్లెం మీద పెట్టి ఆవిరికి ఉడికిస్తే రంగు చాలావరకు ముక్కల్లోనే ఉంటుంది. నీళ్లలోకి దిగేది రంగు ఒక్కటే కాదు, ఫోలేట్ అనే బి విటమినూ, పొటాషియమూ కూడా. పొటాషియం వేడికి నాశనం కాదు, మనం వంపేసే నీళ్లతో పోతుంది. అందుకే ఆ నీళ్లు నేను పారబోయను, సూప్‌లో కలిపేస్తాను.

ఉడికిస్తే కేలరీలు పెరుగుతాయా అంటే, పొయ్యి వేడి వల్ల కేలరీలు వచ్చి చేరవు. మన ఒంటికి అందేది పెరుగుతుంది. పచ్చి బంగాళాదుంపలోని పిండి పదార్థం సరిగా అరగదు, ఉడికి ఉబ్బాక తేలిగ్గా అరుగుతుంది. దాన్నే ఫ్రిజ్‌లో చల్లారబెడితే కొంత భాగం మళ్లీ అరగని రూపంలోకి మారుతుంది. పచ్చి గుడ్డు ప్రొటీన్‌లో ఒంటపట్టేది సుమారు సగమే, ఉడికితే 90 శాతం దాకా. క్యారెట్‌లో ఉండే, ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ కూడా ఉడికి, కాస్త నూనె తగిలితేనే బాగా అందుతుంది.

నాకు కుక్కర్ అసలు విలువ కనిపించేది రాజ్మా దగ్గర. పచ్చి గింజల్లో ఉండే లెక్టిన్ అనే ప్రొటీన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. సన్నటి సెగ మీద, మరగని నీళ్లలో ఎంతసేపు ఉంచినా అది పూర్తిగా పోదు. కుక్కర్ వేడికి ఆ టెన్షన్ ఉండదు. గింజల్ని ముందు నానబెట్టి, ఆ నీళ్లు మాత్రం వంపేయాలి.

లోపాలూ ఉన్నాయి. మూత తీసి చూసే వీల్లేదు కాబట్టి ఆకుకూరలు క్షణాల్లో గుజ్జయిపోతాయి, వాటికి మామూలు గిన్నే మేలు. గాస్కెట్ గట్టిపడితే పక్కలనుంచి ఆవిరి పోయి, విజిల్ రాక, వంట అనవసరంగా సాగుతుంది. కొనేటప్పుడే దానికి సరిపోయే గాస్కెట్లు విడిగా దొరుకుతాయో లేదో కనుక్కోండి.