శేషాల లెక్కను చేతికిచ్చే బస్సుల పజిల్: అడ్వెంట్ ఆఫ్ కోడ్ సమీక్ష

ఎరిక్ వాస్టల్ 2015 నుంచి ఏటా డిసెంబరులో ‘అడ్వెంట్ ఆఫ్ కోడ్’ పేరుతో ఉచితంగా అందిస్తున్న ప్రోగ్రామింగ్ పజిళ్లలో, 2020 నాటి పదమూడో రోజు పజిల్ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. బస్సు నంబరే అది ఎన్ని నిమిషాలకొకసారి బయలుదేరుతుందో చెబుతుంది. పజిల్ రెండో భాగంలో, బస్సులన్నీ జాబితాలోని తమ స్థానానికి తగిన తేడాతో బయలుదేరే తొలి సమయాన్ని మనం కనుక్కోవాలి. జవాబు 100000000000000 దాటుతుందని ముందే చెబుతారు కనుక, ఒక్కొక్క నిమిషాన్నీ పరీక్షించే ప్రోగ్రాము ఇక్కడ పనికిరాదు.

అక్కడి చిన్న ఉదాహరణను కాగితం మీద చేసి చూడండి. ముందు 17, రెండు నిమిషాలకు 13, మూడు నిమిషాలకు 19 బయలుదేరాలి. 17 గుణిజాల వెంట వెళితే 102 దగ్గర ఆగుతాము, ఎందుకంటే రెండు కలిపిన 104ను 13 నిశ్శేషంగా భాగిస్తుంది. ఇకపై అడుగు 17 కాదు, 221. 17, 13ల లబ్ధమైన ఆ సంఖ్యను ఎన్నిసార్లు కలిపినా మొదటి రెండు శేషాలు చెదరవు. అలా పదిహేను అడుగులకు 3417 వస్తుంది, 3420ను 19 భాగిస్తుంది.

ఈ పద్ధతికి ప్రాణం చైనీస్ శేష సిద్ధాంతం. నంబర్లలో ఏ రెండింటికీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేనప్పుడు జవాబు తప్పక ఉంటుందని హామీ ఇచ్చేది అదే. ఆర్యభటుని కుట్టకం అనే గణిత పద్ధతి కూడా ఈ కోవ లెక్కలనే సాధిస్తుంది. పజిల్ సిద్ధాంతం పేరు ఎక్కడా చెప్పదు, అదే మంచిదని నా అభిప్రాయం. అయితే శేషాలతో బొత్తిగా పరిచయం లేనివారు రెండో భాగానికి ముందు ఒక పూట వాటికి కేటాయించాలి.