వర్జ్యంలో కన్నం వేస్తే: ‘వాయిడ్ మూన్’ చదివాక

ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేస్తుంటే అమెరికన్ క్రైమ్ రచయిత మైకేల్ కానెలీ ‘వాయిడ్ మూన్’ దొరికింది. బేరమాడితే వంద రూపాయలకు వచ్చింది. కానెలీ అనగానే అందరికీ డిటెక్టివ్ హ్యారీ బాష్ గుర్తొస్తాడు కదా, ఇందులో మాత్రం అతను లేడు. ఇది 2000లో వచ్చిన విడి నవల, హీరోయిన్ దొంగ. అసలు కొనడానికి కారణం ఆ పేరే. ‘శూన్య చంద్రుడు’ అంటే ఏమిటా అని వెనక అట్ట మీద చదివితే, అది మన వర్జ్యం లాంటి వ్యవహారమని తెలిసి నవ్వొచ్చింది. లాస్ వేగాస్ కాసినోలో కన్నం వేయడానికి ముందు పంచాంగం చూసుకునే దొంగల కథ అన్నమాట. ఇక వదిలిపెట్టి ఎలా వస్తాను?

కథ చిన్నగా చెప్తాను, మలుపులు మాత్రం చెప్పను. క్యాసీ బ్లాక్ జైల్లో అయిదేళ్ళు ఉండి వచ్చి, పెరోల్ మీద లాస్ ఏంజెలెస్‌లో పోర్షే కార్లు అమ్ముకుంటూ ఉంటుంది. ఒకప్పుడు ఆమె, ఆమె ప్రియుడు మ్యాక్స్ కలిసి వేగాస్‌లో పెద్ద పందేలు గెలిచినవాళ్ళ హోటల్ గదులకు కన్నం వేసేవాళ్ళు, అదీ ఆ మనిషి మంచం మీద గురక పెడుతుండగానే. అలాంటి ఒక రాత్రి మ్యాక్స్ పై అంతస్తు కిటికీలోంచి పడి చనిపోయాడు. దొంగతనం జరుగుతుండగా ఎవరు చనిపోయినా తోటి దొంగ మీద కేసు పెట్టొచ్చన్నది అక్కడి చట్టం, దాంతో కళ్ళెదుట ప్రేమించినవాణ్ణి పోగొట్టుకున్న మనిషే అతని చావుకి శిక్ష కూడా అనుభవించింది. ఈ ఒక్క విషయంతోనే నేను క్యాసీ పక్షానికి వెళ్ళిపోయాను. ఇప్పుడు ఆమెకి అర్జెంటుగా డబ్బు కావాలి, ఎందుకో రచయిత మొదట్లో చెప్పడు. ఆఖరి సారి అనుకుని పాత మనిషి లియో దగ్గరికి వెళ్తే, అతను చూపించిన పని సరిగ్గా మ్యాక్స్ పోయిన క్లియోపాత్ర కాసినోలోనే. (వేగాస్‌లో వెతక్కండి, అది కల్పిత కాసినో.)

ఈ లియో నాకు తెగ నచ్చాడు. దొంగతనాలకు ప్లాన్లు గీసే మనిషికి అన్నీ పట్టింపులే. చంద్రుడు ఒక రాశిలో పని ముగించుకుని ఇంకో రాశిలోకి అడుగుపెట్టేలోపు ఏ గ్రహంతోనూ సంబంధం లేకుండా ఉండే కాలమే ఈ ‘వాయిడ్ మూన్’, దాన్ని పాశ్చాత్య జ్యోతిషంలో మంచిది కాదంటారు, అప్పుడు మొదలుపెట్టిన పని పనికిరాదట. మన వర్జ్యం నక్షత్రాన్ని బట్టి వస్తుంది, రోజూ గంటన్నర పైచిలుకు ఉంటుంది. వాళ్ళది రాశిని బట్టి, ఒక్కోసారి కొద్ది నిమిషాలే, ఒక్కోసారి రోజంతా. లెక్క వేరు, భయం మాత్రం ఒకటే. మా అమ్మమ్మ వర్జ్యం వెళ్ళేదాకా ఊరెళ్ళే మనిషిని గడప దాటనిచ్చేది కాదు, బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది అనేది. లియోదీ అదే మాట, కాకపోతే ఇక్కడ తెల్లవారుజామున ఆ కాస్సేపట్లో పక్కవాడి గదిలో ఉండకూడదన్నది షరతు. ఇక ఉండకూడదన్నాక ఏమవుతుందో మీకు తెలియంది కాదు.

ఆ దొంగతనం రాసిన తీరుకే ఈ పుస్తకం కొనొచ్చు. చాలా థ్రిల్లర్లలో రెండు పేజీల్లో పెట్టె ఎత్తుకుని పరిగెత్తేస్తారు, ఇక్కడ కానెలీ ఏమాత్రం తొందరపడడు. మనిషి గదిలో లేనప్పుడే లోపలికెళ్ళి చిన్న కెమెరాలు అమర్చి, వాడు సేఫ్‌కి నంబరు నొక్కుతుంటే పక్క గదిలో కూర్చుని చూసి, మళ్ళీ వాడు నిద్రపోయేదాకా ఆగి, చీకట్లో అడుగు తీసి అడుగు వేస్తూ వెళ్ళడం... ఆ అధ్యాయాలు చదువుతున్నంతసేపూ నేను కూడా ఊపిరి బిగబట్టాను, మధ్యలో మా ఇంట్లో ఫ్రిజ్ గుర్రుమంటే ఉలిక్కిపడ్డాను కూడా. గట్టి హీరోయిన్ అంటే పదిమందిని కొట్టి పడేయడం అని మనకు అలవాటైపోయింది కదా, క్యాసీ బలం చేతుల్లో కాదు, ఓపికలో ఉంది. భయపడుతుంది, చెమటలు పడతాయి, అయినా చెయ్యి వణకనివ్వదు. పని తెలిసిన మనిషి పని చేస్తుంటే చూడ్డం ఎంత బాగుంటుందో అంత బాగుంటుంది. కానెలీ ఒకప్పుడు లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో క్రైమ్ రిపోర్టరు, ఆ అనుభవం ఇలాంటి వివరాల్లో బాగా కనిపిస్తుంది.

తీరా చూస్తే పెట్టెలో ఉన్నది 25 లక్షల డాలర్లు, అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. మాఫియా సొమ్ము అది. పోలీసు కంప్లైంటు ఇవ్వలేని డబ్బు పోతే కాసినోవాళ్ళు ఏం చేస్తారు? జాక్ కార్చ్‌ని పిలుస్తారు. పేరుకి ప్రైవేటు డిటెక్టివ్, పని పోయిన సొమ్ము వెనక్కి తేవడం, దారిలో అడ్డొచ్చినవాళ్ళని లేపేయడం. వీడి తండ్రి మెజీషియన్ కాబట్టి వీడికీ చేతివాటం తెలుసు, మనం ఎడమ చేతిని చూస్తుంటే కుడి చేతిలోకి తుపాకీ వచ్చేస్తుంది. విలన్ అంటే ఇలా ఉండాలి అనిపించింది, మొదట్లో.

మొదట్లో అని ఎందుకన్నానంటే, సగం దాటాక వీడి ఉత్సాహం మరీ ఎక్కువైపోయింది. ఎక్కడికెళ్తే అక్కడ ఒక శవం. ఇంత తెలివైనవాడు, చప్పుడు లేకుండా పని కానివ్వాల్సినవాడు ఇన్ని శవాలు వదిలిపెట్టి వెళ్తాడా? మూడో హత్య దగ్గరికి వచ్చేసరికి నాకు టెన్షన్ పోయి లెక్కపెట్టడం మొదలైంది. ఇంకో సంగతి, క్యాసీకి డబ్బు ఎందుకు కావాలన్నది రచయిత చాలా దూరం దాచాడు కానీ మొదటి అధ్యాయాల్లో ఆమె అమ్మకానికి పెట్టిన ఒక ఇంటికి కొనేదానిలా వెళ్ళి చూసే సీన్ ఉంది, అక్కడే నాకు తెలిసిపోయింది. వారపత్రికల సీరియళ్ళు చదివి పెరిగినవాళ్ళని అంత సులభంగా బోల్తా కొట్టించలేరు. తెలిసినా ఆ సీన్ మాత్రం బాగుంది, ఒక గది గుమ్మం దగ్గర ఆమె నిలబడే తీరు గుర్తుండిపోతుంది.

చివరి వంద పేజీలు ఏకబిగిన చదివేశాను, కథ తిరిగి అదే కాసినోకి వస్తుంది. ముగింపు నాకు తృప్తిగానే ఉంది, మా ఆఫీసులో చదివిన ఒకమ్మాయి మాత్రం “ఇంత కష్టపడి చివరికి ఇదా?” అని పెదవి విరిచింది. బాష్ అభిమానులకు ఒక చిన్న కానుక కూడా ఉంది: 2004లో వచ్చిన ‘ద నేరోస్’లో వేగాస్‌లో బాష్ ఉండే చోట పక్కింటామె ఒకావిడ ఉంటుంది, ఆమె ఎవరో ‘వాయిడ్ మూన్’ చదివినవాళ్ళకే తెలుస్తుంది. కాబట్టి ముందు ఇదే చదవండి.

ఇంగ్లీషు భయపడేంత కష్టం కాదు, చిన్న వాక్యాలే. బాష్ నవలలతో పోలిస్తే మనుషుల లోతు కొంచెం తక్కువ, పరుగు ఎక్కువ. అయిదుకి నాలుగు ఇస్తాను, ఆ తగ్గిన ఒకటీ కార్చ్ శవాలకి.

పాత కాపీ కొనేవాళ్ళు మాత్రం అక్కడే నిలబడి ఆఖరి పేజీ ఉందో లేదో చూసుకోండి. నా కాపీలో ఆఖరి రెండు ఆకులు లేవు, రాత్రి ఒంటిగంటకి తెలిసింది. ఆ రెండు ఆకుల కోసం ఈ-బుక్ కొనాల్సి వచ్చింది, దాని ధర వందకన్నా చాలా ఎక్కువ. మర్నాడు క్యాలెండర్ తీసి చూస్తే ఆదివారం నేను బేరమాడిన సమయం, మీరు ఊహించిందే, వర్జ్యం.